ఎత్తకూడని గుడ్డ

వేప్పనపల్లి పక్కన మా తమ్ముడు అంకప్ప తోటలో ఒక్క మామిడికాయ కోస్తే ఊరంతా ఊరగాయ పెట్టుకోవచ్చు. నవ్వొద్దు. నా వయసు నూరేళ్ళు. డెబ్బై ఆరే అనే మా బంధువులకు లెక్కలు రావు. నేను గోరంతను కొండంత చేస్తానని అంకప్పే ఎగతాళి చేసేవాడు. వాడి నోట మాత్రం పుట్టినప్పటి నుంచీ ఒక్క అబద్ధం రాలేదు. అదొక జబ్బు వాడికి.

పోయిన వైశాఖంలో ఒక సాయంత్రం, నాలుగు గంటలకే మబ్బు కమ్మి తోటంతా చీకటి పడింది. ఆకు కదల్లేదు. రాలిన కాయలు పులిసిన వాసన. నేను షెడ్డులో కాఫీకి నీళ్ళు పెట్టినాను. బయట అంకప్ప మిషనుతో గడ్డి కోస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ మోత ఆగింది.

"అక్కా..."

బ్లేడు రాయికి తగిలి విరిగి, వాడి తొడ చీల్చుకుని పోయింది. రక్తం ఎగిరెగిరి పడతా ఉంది. నా జన్మలో పెంచి చెప్పే పని లేకుండా చూసింది అదొక్కటే. చంకల కింద పట్టుకుని షెడ్డులోకి లాగి, వాడి ఫోనులోనే వాడి కూతురు శోభనకు చేసినాను. అది హోసూరు ఫ్యాక్టరీలో నర్సు. రక్తం గడ్డకట్టించే మందు పట్టించిన కట్టుగుడ్డ పొట్లం షెడ్డులో పెట్టి పోయిందీ అదే. "గుడ్డకు ఇంత దర్జానా?" అని అప్పుడు నవ్వినదాన్ని, ఇప్పుడు పొట్లాన్ని పళ్ళతో చింపినాను.

"ఆంబులెన్సు బండికి నేను చెప్తానత్తా. గుడ్డను గాయంలోకి వేలితో కుక్కు. రెండు చేతులతో అదుము. తడిస్తే పైన ఇంకొకటి వెయ్యి. బండి వచ్చేదాకా ఎత్తి చూడొద్దు. ఎత్తొద్దత్తా!"

ఛార్జి అయిపోయి ఫోను ఆరిపోయింది. రవికలో దోపుకున్నాను.

కుక్కినాను. అదిమినాను. రక్తం నిలిచింది. రేకుల మీద వాన మొదలైంది.

"ఏమక్కా, రాగి సంకటి కెలికినట్టు అదుముతుండావు?"

"నోరు మూసుకోప్పా. యముడు వచ్చి వాకిట్లో నిలబడినాడు, నాలుగు తిట్టి పంపినాను."

నవ్వినాడు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. అదే కొంప ముంచింది.

మా ఇండ్లలో ఏది తెగినా కాఫీపొడి అద్దుతాం. మా అమ్మ అద్దింది, నేను అద్దినాను. డబ్బా చెయ్యి చాపితే అందేంత దూరం. ఆ మందుకు తోడు మన మందూ పడితే మంచిదే కదా... ఒక్క రెప్పపాటు.

ఎత్తినాను.

గడ్డకట్టిన రక్తం గుడ్డతోనే లేచి వచ్చింది.

మళ్ళీ కుక్కినాను. కొంగు వేసినాను. మోకాలు ఆనించి అదిమినాను. "అక్కా, చలి..." అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

దారిలో చెట్టు కూలి, బండి ఆరు గంటలకు వచ్చింది. "చేతులు తియ్యండి అవ్వా" అని వాళ్ళు నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పినారు.

మూడో దినం వాణ్ణి పూడ్చిన చోట పాలు పోసి వచ్చినాక శోభన నా పక్కన కూర్చుంది. ఎత్తినావా అని అడుగుతుంది, లేదని చెప్పాల. నోటిని సిద్ధం చేసుకున్నాను.

"నువ్వు ఎత్తలేదని నాన్న చెప్పినాడత్తా."

"ఎ... ఎప్పుడే?"

"ఆ దినం ఆరున్నరకు ఫోను చేసినాడు. 'అక్క బాగా అదిమింది, ఎత్తలేదమ్మా' అన్నాడు."

ఆరున్నరకు వాడు బండిలో, మొహం మీద గుడ్డతో ఉన్నాడు. ఆరిపోయిన ఫోను నా రవికలో ఉంది.

పుట్టి అబద్ధమాడనివాడు... చచ్చి ఆడినాడు. నాకోసం.

అప్పుడైనా నిజం చెప్పుంటే పోయేది. చెప్పలేదు. పదకొండు నెలలు.

నిన్న శోభన మళ్ళీ వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"నాన్న ఇప్పుడు దినమూ చేస్తుండాడత్తా. ఒకటే మాట."

"ఏమంట?"

"'బరువుగా ఉండాది. అక్కను చేతులు తియ్యమను.'"

నా చేతులు రెండూ నా ఒళ్ళోనే ఉన్నాయి.

తోటలో వాణ్ణి పూడ్చిన చోటికి ఒక్కదాన్నే పోయినాను. మట్టి రెండు అరచేతులతో అదిమినట్టు కుంగి ఉంది. వంగి, నా చేతులు పెట్టి చూసినాను.

సరిపోయినాయి.

మట్టి... ఇంకా వెచ్చగా ఉంది.