ప్రోస్ట్ అన్నప్పుడు చూడని కళ్ళు

పరుగు!

సెల్లార్ మెట్ల మీద ఫెర్డి పరుగు. నల్ల కోటు కాళ్ళకి చుట్టుకుంటోంది. కోరలు ఊడొస్తున్నాయి.

వెనక టిబోర్. చేతిలో పిస్తోలు.

"ఆగరా రక్తపిశాచీ! ఇంటద్దె కట్టి చావు!"

ఫెర్డి జారి వైన్ పీపా మీద పడతాడు...

"కట్!"

అందరూ పగలబడి నవ్వుతున్నారు.

బయట వియన్నాలో మధ్యాహ్నం. సినిమాలో అర్ధరాత్రి. ఫెర్డి రక్తపిశాచి. టిబోర్ వేటగాడు. ఫెర్డి భార్య రెసీ, సినిమాలోనూ వాడి పెళ్ళామే.

భోజనాల దగ్గర మూడు గ్లాసులు లేస్తాయి.

"ప్రోస్ట్!"

గ్లాసు తాకించేటప్పుడు కళ్ళలోకి చూడాలి. చూడకపోతే ఏడేళ్ళు పడకసుఖం ఉండదని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు.

రెసీ టిబోర్ కళ్ళలోకి చూస్తుంది. నిండుగా.

ఫెర్డి వంతు వచ్చేసరికి ఆమె చూపు గోడ మీద!

నిన్నా అంతే. మొన్నా అంతే.

"ఏం బాస్, ముద్ద దిగట్లేదా?" అంటాడు టిబోర్.

"ముద్ద దిగుతోంది. నువ్వే దిగట్లేదు."

టిబోర్ నవ్వుతాడు. రెసీ కూడా నవ్వుతుంది. వాడి కోసమే!

ఫెర్డి గ్లాసు పక్కన పెట్టి లేస్తాడు.

సామాన్ల బల్ల దగ్గర ఎవరూ లేరు. పిస్తోలు అక్కడే ఉంది. ఫెర్డి జేబులో తూటా. వేటకెళ్ళే మామ బీరువాలోది.

అసలుది!

తర్వాతి సీన్లో పిశాచి పిస్తోలు లాక్కుని వేటగాణ్ణి కాల్చాలి. ప్రమాదం అంటారు. అయ్యో పాపం అంటారు. అంతే.

"యాక్షన్!"

ఫెర్డి పిస్తోలు లాక్కున్నాడు. గురి టిబోర్ గుండెకి. వేలు బిగుస్తోంది...

రెసీ ఏడవాలి. కానీ కిసుక్కున నవ్వేసింది!

"నా వల్ల కాదు! ఫెర్డీ, నీ కళ్ళలో ఆ ఎర్ర లెన్సులు! అన్నం తినేటప్పుడైనా తీయవుగా! నాలుగురోజులుగా నీ మొహం చూడలేక చస్తున్నా. చూస్తే సీన్లో నవ్వు ఆగదు!"

ఫెర్డి పిస్తోలు దించేశాడు.

లెన్సులా? లెన్సులేనా?

దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"కెమెరా ఆపకండి!" డైరెక్టర్ హెడ్విగ్ అరిచింది. "బాగుంది! ఏదో ఒకటి చేయండి!"

టిబోర్ పిస్తోలు తీసి రెసీ చేతిలో పెట్టాడు.

"కాల్చమ్మా నీ మొగుణ్ణి! పీడ వదులుతుంది!"

"వద్దు!" ఫెర్డి గోడకి అతుక్కుపోయాడు. "రెసీ, వద్దే! అది అసలు తూటా! నేనే పెట్టాను!"

సెల్లారంతా నవ్వు. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఊగిపోతున్నారు.

"ఎవరి కోసం పెట్టావురా, ముసలి పిశాచీ?" రెసీ డైలాగు అందుకుంది.

"వాడి కోసం! టిబోర్ కోసం! నువ్వు వాడితో... అనుకున్నా!"

"అబ్బో! నా మీద అంత ప్రేమే!"

"నిజం చెప్తున్నానే! ఒట్టు!"

కోర ఒకటి ఊడి కింద పడింది. నవ్వు రెట్టింపయింది.

రెసీ కళ్ళు తుడుచుకుంది. గురి చూసింది.

ఢాం!

"కట్! అదిరింది!" హెడ్విగ్ చప్పట్లు కొడుతోంది. "ఇంకొక్క టేక్. ఫెర్డీ, లే..."

"ఫెర్డీ?"