రెండు ట్యూబుల్లోని మనిషి

తిరుమలగిరిలోని డిటెక్టివ్ దేవానందం ఆఫీసు షట్టరును ఆయన సహాయకురాలు లాస్య పైకి నెడుతుండగా, మెట్ల దగ్గర ఒక యువతి చున్నీతో ముఖం తుడుచుకుంటూ కనిపించింది. లోపలికి పిలిచి, అప్పుడే వచ్చిన దేవానందం ఎదుట కూర్చోబెట్టినా ఆమె తల ఎత్తలేదు.

"నా పేరు సృజన. ఒక తప్పు చేసిన సార్. ఎవరికి చెప్పాల్నో తెల్వక మీ దగ్గరికొచ్చిన."

నేరస్థలంలో దొరికే మరకల్లో ఒక్కోసారి ఇద్దరు ముగ్గురి డీఎన్ఏ కలిసిపోయి ఉంటుంది. ఆ కలగలుపులో ఫలానా మనిషి ఉండే అవకాశం ఎంతో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను సృజన కొన్నేళ్లు కష్టపడి రాసింది. ఏ.ఎస్. రావు నగర్‌లోని 'నిర్ణయ' అనే ప్రైవేటు ల్యాబ్ దాన్ని కొనే ముందు పరీక్షిస్తోంది. సిబ్బంది బుగ్గల లోపల దూదిపుల్లతో రాసి నమూనాలు తీస్తారు. ఎవరివి కలిపారో ముందే రాసిపెట్టుకుని ట్యూబుల్లో కలుపుతారు. సాఫ్ట్‌వేర్ వాళ్లను గుర్తుపట్టాలి.

"అన్నీ కరెక్టే చెప్పింది సార్, రెండు ట్యూబులు తప్ప. ఆ రెండింట్ల, ల్యాబ్‌ల పరీక్షలు చేసే విజయేందర్ సార్ డీఎన్ఏ కలిపిన్రు. నా సాఫ్ట్‌వేర్ ఆయన లేడంటోంది."

"మరి మీరు చేసిన తప్పేంది?" అడిగాడు దేవానందం.

"డీఎన్ఏ గుర్తులు కొన్ని కనబడకున్నా ఆ మనిషి ఉన్నట్టే లెక్కపెట్టమని సాఫ్ట్‌వేర్‌ను జర సడలించిన. రెండు ట్యూబులు పాసైనయ్. తర్వాత లక్ష్మణ్ కేసు లెక్క దాంట్ల మళ్ల నడిపిన."

లక్ష్మణ్ లాలాగూడలో వెల్డింగ్ పని చేసేవాడు. పాత ఇనుము వ్యాపారిని పొడిచి చంపాడన్న కేసులో జైల్లో ఉన్నాడు. కత్తిపిడి మీద అతని డీఎన్ఏ ఉందని 'నిర్ణయ' ఇచ్చిన రిపోర్టే ప్రధాన సాక్ష్యం. దాన్ని మళ్లీ చూడమని అతని లాయరు సృజనను అడిగాడు.

"మొదట కత్తి మీద లక్ష్మణ్ లేడని వచ్చింది సార్. సడలించినంక ఉన్నడంటోంది. నా పేరు కాపాడుకోనీకి ఒక మనిషిని మళ్ల జైల్లకు నూకిన."

లాస్య నీళ్లు అందించింది. దేవానందం నెమ్మదిగా అన్నాడు. "మార్చింది తీసేయండి. పాత లెక్క తప్పని ఇంకా ఎవరూ రుజువు చెయ్యలే."

ఆ మధ్యాహ్నమే ఆయనా లాస్యా ల్యాబ్‌కు వెళ్లారు. యజమాని రామ్మోహనరావు విసుగ్గా ఉన్నాడు. "లోపం సాఫ్ట్‌వేర్‌దేనండీ. విజయేందర్ గారే మొదట చెప్పారు, ఇది నమ్మదగ్గది కాదని."

ట్యూబులు తయారుచేసిన యోగిత అనే అమ్మాయిని దేవానందం అడిగాడు. "నమూనాలు ఎవరు తీసిన్రు?"

"నేనే సార్. అందరినీ వరసగా కూర్చోబెట్టి తీశాను."

"సాఫ్ట్‌వేర్ వాటిని దేనితో పోల్చింది?"

"స్టాఫ్ ఫైల్‌తో. మా అందరి డీఎన్ఏ వివరాలు అందులో ఉంటాయి. మా తుంపర్లేమైనా సాక్ష్యం మీద పడితే తెలియాలి కదా."

"ఆ ఫైల్ ఎప్పటిది?"

"లాక్‌డౌన్‌లో చేయించానండీ," అన్నాడు రామ్మోహనరావు. "నమూనా కిట్లు ఇళ్లకు పంపితే ఎవరికి వారు తీసి పంపారు."

పక్క టేబుల్ దగ్గరున్న విజయేందర్ మాస్కు ముక్కు కిందికి జారి ఉంది. మాట్లాడుతూనే వరసగా తుమ్మాడు. "దుమ్ము పడదు సార్. చిన్నప్పటి తక్లీఫ్."

"లక్ష్మణ్ కేసుల కత్తి పరీక్ష చేసింది మీరేనా?"

"అవును." అతని చూపు కిటికీ వైపు తిరిగింది.

కారెక్కగానే లాస్య అంది. "యోగిత ట్యూబులు తారుమారు చేసిందేమో సార్!"

"చేస్తే మిగతావన్నీ ఎట్ల సరిపోతయ్?" అంటూ ఆయన సృజనకు ఫోన్ చేశాడు. "ఆ రెండు ట్యూబుల్ల విజయేందర్ లేకుంటే మరి ఉన్నదెవరు? రెండింట్ల ఒక్కడేనా చూడండి. ఆ మనిషిని కత్తితోని సుత పోల్చండి."

మర్నాడు ల్యాబ్ సమావేశం గదిలో అందరూ కూర్చున్నారు. లక్ష్మణ్ తల్లి దేవమ్మ కూడా వచ్చి తలుపు పక్కన కుర్చీ అంచున కూర్చుంది.

"సాఫ్ట్‌వేర్ తప్పనుకుంటే అన్ని ట్యూబుల్ల తడబడాలె," దేవానందం మొదలుపెట్టాడు. "ఇది ఒక్క మనిషి దగ్గరే తడబడ్డది. పైగా రెండు ట్యూబుల్ల కనబడ్డ తెల్వని మనిషి ఒక్కడే. యోగిత అందరి ముందట తీసిన నమూనా అబద్ధం కానేకాదు. అంటే ఎవరూ చూడకుండ ఇంట్ల తీసింది అబద్ధం. స్టాఫ్ ఫైల్‌ల విజయేందర్ పేరు మీదున్నది ఇంకొకరి డీఎన్ఏ. ట్యూబుల్లోని ఆ తెల్వని మనిషే అసలు విజయేందర్."

దేవానందం విజయేందర్ వైపు తిరిగాడు.

"కత్తిపిడి మీద వ్యాపారితో పాటు ఉన్నది సుత అదే మనిషని సృజన పోల్చి తేల్చింది. పరీక్షప్పుడు విజయేందర్ తుమ్మిండు. ఫైల్ తప్పుది కాబట్టి ఎవరూ పట్టుకోలే. ఆయన గుర్తులల్ల కొన్ని లక్ష్మణ్‌వాటితోని కలుస్తయ్. లక్ష్మణ్ గుర్తులల్ల మిగతావి కత్తి మీద కనబడకున్నా పర్వాలేదని రిపోర్టు రాసిన్రు. కాదంటే ఇప్పుడే, అందరి ముందట, ఇంకో నమూనా ఇవ్వండి."

యోగిత దూదిపుల్ల తీసి పట్టుకుంది. విజయేందర్ ఆ పుల్లను పక్కకు నెట్టాడు. మాస్కు తీసి చేతిలో నలిపాడు.

"పాత ల్యాబ్‌ల గిట్లనే ఒక సాక్ష్యం మీద తుమ్మిన. అందరి ముందట తిట్టి తీసేసిన్రు. మళ్ల గట్లయితదేమోనని మా బామ్మర్ది నమూనా పంపిన. ఎవరికీ నష్టం లేదనుకున్న."

"కత్తి చూసినప్పుడు అనుమానం రాలేదా?" అడిగాడు దేవానందం.

"వచ్చింది సార్. నాది నేను తీసి చూసుకుంటే తెలిసేది. చూసుకోనీకి సిగ్గైంది. యోగిత నమూనా అడిగిననాడు అందరి ముందట కాదనలేకపోయిన. సాఫ్ట్‌వేర్ మీదికి పోతదిలే అనుకున్న."

"రిపోర్టు కింద సంతకం నాదేనండీ," అన్నాడు రామ్మోహనరావు. "చదవకుండానే పెట్టాను." ఆయన దేవమ్మ వైపు చూడబోయి, చూపు మరల్చుకున్నాడు.

"గుర్తులు లేకున్నా ఉన్నట్టు లెక్కగట్టే తప్పు నేను సుత చేసిన," అంది సృజన మెల్లగా. ఎవరూ ఆమెను తప్పుబట్టలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

అసలు హంతకుణ్ణి పోలీసులు మళ్లీ వెతకాలి. విజయేందర్ వాంగ్మూలం లాయరు ద్వారా కోర్టుకు చేరాలి. దేవానందం ఆ సంగతులు చెబుతుండగానే విజయేందర్ వెళ్లి దేవమ్మ కాళ్ల దగ్గర వంగాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నా కొడుకు కత్తి పట్టలేదని నేను చెప్తే తల్లివి కాబట్టి గట్లనే అంటవన్నరు. నీకు ఎరుకై సుత సప్పుడు జెయ్యకుంట కూసున్నవ్. నా కాళ్లు మొక్కితే ఏమొస్తది బిడ్డా? చర్లపల్లి జైలు ఈడికి దగ్గరనే. రేపు వాన్ని కలవనిచ్చే ములాఖత్ ఉన్నది. నాతోని వచ్చి వానికి చెప్పు."

"నా మొహం చూస్తడా అమ్మా?"

"చూడకపోతే చూడకపోనీ. నువ్వైతే నిలబడు."

విజయేందర్ తల ఊపాడు. నలిగిన మాస్కు జేబులో పెట్టుకోబోతే జారి కింద పడింది. దాన్ని అక్కడే వదిలేసి, రేపు ఎన్ని గంటలకు రావాలో దేవమ్మను అడిగాడు.