కనేలి ఒడి ఎక్కిందా?

నెల్స్ హాల్వర్సన్ మొహం తెలియనివాళ్ళు సరస్సు ఒడ్డున ఉన్న మా డులూత్ ఊళ్ళో ఉండొచ్చు గానీ, అతని గొంతు తెలియనివాళ్ళు లేరు. శనివారాలు హాకీ ఆటల్లో మైకు పట్టుకునేది అతనే. ఒకసారి ఆట మధ్యలో మైకు పాడైనా ఎవరూ గమనించలేదు.

అలాంటి మనిషి పిల్లిని పెంచుకుందామనుకున్నాడు.

జనవరిలో ఒక ఆదివారం, మంచు కురుస్తుండగా, బ్రిటా కోస్కి అతని తలుపు తట్టింది. ఆమె చేతిలో జాలీ తలుపున్న ప్లాస్టిక్ పెట్టె, అందులో దాల్చినచెక్క రంగు పిల్లి. దాని పేరు కనేలి. అది బ్రిటా వాళ్ళ అమ్మమ్మ హెల్మీది. తుంటి విరిగాక ఆవిడ వృద్ధుల వసతి గృహంలో చేరింది. అక్కడ పిల్లుల్ని ఉంచుకోనివ్వరు. బ్రిటా అద్దెకున్న ఇంటి ఓనరూ ఒప్పుకోడు. పిల్లిని తీసుకుంటారా అని కిరాణా కొట్టు గోడకి కాగితం అంటిస్తే, ఫోన్ చేసింది నెల్స్ ఒక్కడే.

"రండి, రండి" అన్నాడు నెల్స్. పెట్టెలో పిల్లి వెనక్కి నక్కింది.

"కాస్త మెల్లగా మాట్లాడతారా?" అంది బ్రిటా.

"మెల్లగానే మాట్లాడుతున్నానండీ."

ఆమె అతని వంక అనుమానంగా చూసింది. పాపం, నిజంగానే అలా అనుకుంటున్నాడు.

పెట్టె తలుపు తీయడమే ఆలస్యం, నెల్స్ పిల్లిని రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకున్నాడు. "నా బంగారుతల్లి" అంటూ ముద్దు పెట్టబోయాడు. ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి సరిగ్గా తెలియదు. పిల్లి సోఫా కిందికి చేరింది. అతని మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రటి గీతలు తేలాయి.

"నొప్పిగా ఉందా?"

"మరీ అంత లేదు" అన్నాడు నెల్స్. రక్తం కార్పెట్ మీద బొట్లు బొట్లుగా పడుతోంది.

బ్రిటా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గాయం కడిగి, గుడ్డ చుడుతూ అడిగింది. "కొండంత మనిషి ఎవడో వచ్చి, పేరైనా చెప్పకుండా మిమ్మల్ని గాల్లోకి లేపి, చెవి దగ్గర అరిస్తే మీరేం చేస్తారు?"

"హాకీలో అయితే వాణ్ణి కాసేపు బయట కూర్చోబెడతారు."

బ్రిటాకి నవ్వొచ్చింది. గుడ్డ ముడి గట్టిగా బిగించి ఆపుకుంది.

"మా అమ్మమ్మ ఒక షరతు పెట్టింది" అంది. "రేవులో మంచు కరిగేలోగా కనేలి తనంతట తాను మీ ఒడి ఎక్కాలట. ఎక్కకపోతే దాన్ని క్లోకేలో మా మావయ్య పొలానికి పంపించేస్తుంది. అక్కడ కుక్కలున్నాయి, కనేలికి కుక్కలంటే ప్రాణభయం. అయినా మనసు కలవని ఇంట్లో ఉండటం కన్నా అదే నయమంటుంది ఆవిడ. ప్రతి ఆదివారం నేనొచ్చి చూసి ఆవిడకి చెప్పాలి."

"ప్రతి ఆదివారమా?"

"ఏం, ఇబ్బందా?"

"అబ్బే, లేదు" అన్నాడు నెల్స్. ఆ రోజు అతను మెల్లగా అన్న మాట అదొక్కటే.

బ్రిటా చిన్నపిల్లల బడిలో సంగీతం టీచరు. వేణువు పట్టుకున్న పాతికమంది పిల్లల్ని గొంతు పెంచకుండా కూర్చోబెట్టగలదు. నెల్స్‌నీ అలాగే కూర్చోబెట్టింది, నేల మీద, సోఫాకి వీపు చూపిస్తూ.

"దానివైపు చూడకండి."

"చూడకుండా ప్రేమించడం ఎలాగండీ?"

"అదే నేర్చుకోవాలి. గుచ్చి గుచ్చి చూస్తే పిల్లికి అది దెబ్బలాటకి పిలిచినట్టు. తనే వచ్చేదాకా ఊరుకోండి."

తర్వాతి ఆదివారం వేలు పాఠం. వేలు దాని ముక్కు ఎత్తులో చాపి కదలకుండా ఉంచాలి. అది వచ్చి వాసన చూసి, చెంప రుద్దితే, అప్పుడు చెంప గోకాలి, గడ్డం కింద గోకాలి, చెవుల మొదట్లో గోకాలి.

"పొట్ట?"

"పొట్ట జోలికి వెళ్ళకండి."

"మొన్న పొట్ట చూపించి పడుకుంది కదా."

"మీరు ముట్టుకోరని నమ్మి పడుకుంది. ముట్టుకున్నారా?"

నెల్స్ రెండో చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.

అన్నం పెట్టే ముందు తాడుకి ఈక కట్టి ఆడించాలి. ఆట మధ్యలో దాన్ని గెలవనివ్వాలి. అది దాక్కున్న చోట ఎప్పుడూ చెయ్యి పెట్టకూడదు. నెల్స్ అన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాడు. అన్నిటికన్నా కష్టం గొంతు తగ్గించడం. వారమంతా ఇంట్లో గుసగుసలాడి అలవాటైపోయి, ఒక శనివారం ఆటలో గోల్ పడితే మైకులో, "గోల్ అయ్యిందండీ" అని మెత్తగా అన్నాడు. జనం ఎవరో పోయారనుకుని టోపీలు తీశారు.

ఈ సంగతి వినగానే బ్రిటా నేల మీద పడి నవ్వింది. సోఫా కింది నుంచి కనేలి తల బయటపెట్టి చూసింది.

"దూరం నుంచి చూస్తోంది కదా, ఇప్పుడు మెల్లగా కళ్ళు మూసి తెరువు" అంది బ్రిటా. వాళ్ళు నువ్వు అనుకోవడం ఎప్పుడు మొదలుపెట్టారో వాళ్ళకే తెలియదు. "నువ్వంటే నాకు భయం లేదు అని చెప్పడం అది. ఇష్టమైతే అదీ కళ్ళు మూసి తెరుస్తుంది."

నెల్స్ మెల్లగా కళ్ళు మూసి తెరిచాడు. అయితే అతను చూస్తున్నది పిల్లివైపు కాదు.

"కంట్లో ఏమన్నా పడిందా?" అంది బ్రిటా.

"లేదు."

"పిల్లి అటుంది."

"తెలుసు."

బ్రిటా కాఫీ కప్పు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, కింద సరస్సు మీది మంచుని అవసరమైనదానికన్నా ఎక్కువసేపు చూసింది.

ఫిబ్రవరి పోయింది, మార్చి వచ్చింది. ప్రతి ఆదివారం సాయంత్రం అమ్మమ్మ ఫోన్‌లో ఒకటే ప్రశ్న. "కనేలి ఒడి ఎక్కిందా?"

"ఇంకా లేదమ్మమ్మా. దగ్గరికొస్తోంది."

"తిండి తింటోందా? నా మీద బెంగ పెట్టుకుందేమో. నాకు నిద్ర పట్టడం లేదే."

ఏప్రిల్ మొదట్లో ఒక గురువారం పెద్ద మంచు తుఫాను వస్తుందని బడి మధ్యాహ్నమే వదిలేశారు. బ్రిటా ఇంటికి పోకుండా నెల్స్ ఇంటివైపు తిరిగింది. తన ఇంటి దారిలోని కొండ వాలులో కారు ఆగిపోతే ఇబ్బంది కదా అని తనకి తాను చెప్పుకుంది. మెట్లెక్కి తలుపు కొట్టబోతూ కిటికీలోంచి లోపలికి చూసింది.

నెల్స్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అతని ఒడిలో కనేలి. కళ్ళు మూసుకుని, ముందు కాళ్ళతో అతని స్వెటర్‌ని పిండి పిసికినట్టు పిసుకుతోంది. అతని వేలు దాని గడ్డం కింద కదులుతోంది. ఇవాళే మొదటిసారి ఎక్కిన పిల్లిలా లేదు. ఆ ఒడి దాని సొంతమన్నట్టు ఉంది.

బ్రిటాకి ముందు సంతోషం వేసింది. ఆ తర్వాత స్వెటర్ మీది బొచ్చు చూసింది. అది ఒక్క రోజులో అంటుకునే బొచ్చు కాదు.

తలుపు తీసిన నెల్స్ మొహం చూడగానే ఆమెకి అంతా అర్థమైంది.

"ఎప్పటి నుంచి?"

"బ్రిటా, లోపలికి రా, చలి..."

"ఎప్పటి నుంచి నెల్స్?"

"వాలెంటైన్స్ రోజు ముందు నుంచి. ఆదివారాలు నువ్వొచ్చే ముందు దానికి కడుపు నిండా చేప పెట్టేవాణ్ణి. అది పోయి పడుకునేది."

"ఎందుకు?"

"ఒడి ఎక్కిందని చెబితే నువ్వు రావడం మానేస్తావు."

ఇంకో రోజైతే ఆ మాటకి ఆమె మనసు కరిగిపోయేదే. కానీ చెవిలో అమ్మమ్మ గొంతు మోగుతోంది.

"మా అమ్మమ్మ పిల్లి బెంగపడుతోందని నిద్ర మానేసింది. నేను ప్రతి వారం ఆవిడకి అబద్ధం చెప్పాను. నువ్వు చెప్పించావు" అంది. "నన్ను రమ్మని ఒక్క మాట అడగొచ్చుగా. ఊరంతా వినేలా అరిచేవాడివి, ఆ ఒక్క మాటకి గొంతు రాలేదా?"

ఆమె మంచులోనే వెనక్కి వెళ్ళిపోయింది. ఆదివారం రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

ఆ మర్నాడు నెల్స్ వసతి గృహానికి ఫోన్ చేశాడు. పిల్లులు ఉండకూడదు గానీ, కాసేపు చూపించి తీసుకెళ్ళొచ్చన్నారు. సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె పట్టుకుని, హెల్మీ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వేనా ఆ గొంతుగల అబ్బాయివి?" అంది కిటికీ పక్క కుర్చీలో ఉన్న ముసలావిడ.

"అవునండీ అమ్మమ్మగారూ. కనేలి ఫిబ్రవరిలోనే నా ఒడి ఎక్కింది. నేను దాచాను. మీకు నిద్ర లేకుండా చేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆవిడ పెట్టె తలుపు తీయమని వేలితో చూపించింది. కనేలి బయటికొచ్చి, గది అంతా చూసి, ఆవిడ చెప్పులు చాలాసేపు వాసన చూసింది. తర్వాత గెంతి ఒడిలోకెక్కి, రెండు చుట్లు తిరిగి పడుకుంది. ఆవిడ చెయ్యి దాని వీపు మీద ఆగిపోయింది. పిల్లి గురగురమంది.

"బరువెక్కింది" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుని. "చేప ఎక్కువ పెడుతున్నావు."

"తగ్గిస్తానండీ."

"కనేలి బాగుంది. ఇంక నువ్వు చెప్పాల్సింది నాకు కాదు. నీ వెనకున్న పిల్లకి చెప్పు."

నెల్స్ తిరిగి చూశాడు. అమ్మమ్మని చూడటానికొచ్చి, కోటు ఇంకా విప్పని బ్రిటా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

అతను గొంతు సవరించుకున్నాడు. అరవలేదు, గుసగుసలాడలేదు. "నువ్వు రావాలి బ్రిటా. పిల్లి కోసం కాదు, నా కోసం. ఈ మాట జనవరిలోనే అడగాల్సింది."

"జనవరిలో అడిగి ఉంటే రానని చెప్పేదాన్ని" అంది బ్రిటా. "కార్పెట్ అంతా రక్తం చేశావు."

"ఇప్పుడో?"

ఆమె లోపలికొచ్చి అతని పక్కన నిలబడింది. "ఇంకోసారి మా అమ్మమ్మ దగ్గర ఏదన్నా దాచావంటే ఒప్పుకోను."

"దాచను."

"అయితే వస్తాను" అంది. చేతి తొడుగు విప్పి, అతని చేతిలో చెయ్యి పెట్టింది.

అప్పుడే భోజనాల గదికి రమ్మని చెప్పడానికి నర్సు వచ్చింది. హెల్మీ కదల్లేదు. ఒడిలో పిల్లి గాఢ నిద్రలో ఉంది.

"సూప్ ఇక్కడికే పట్టుకురామ్మా" అంది ఆవిడ. "ముగ్గురికీ తే. ఇది లేచేదాకా ఇక్కణ్ణించి ఎవరూ కదలరు."