ఆటో ‘బిగిన్’ కాలేదు

ఆయేషాకి ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? చేతిలో ఇంగ్లీషు పరీక్ష పేపరు ఉంది. అన్నిటికీ రైటు మార్కులే. ఒక్కచోట మాత్రం ఎర్ర ఇంకుతో ఇంత పొడుగు ఇంటూ! ‘మా నాన్న ఆటో పొద్దున స్టార్ట్ కాలేదు’ అనే వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమన్నారు. ఆయేషా శుభ్రంగా రాసింది. కాకపోతే స్టార్ట్ అనకుండా బిగిన్ అని రాసింది. అందరూ రాసే మాటే తనూ రాస్తే గొప్పేముంది?

ఆ గొప్పకి దక్కింది ఇంటూ.

“టీచర్! ఇది అన్యాయం!” లేచి నిలబడి అరిచింది.

ఆరో తరగతి మొత్తం ఇటు తిరిగింది. ఆనందకుమారి టీచర్ కళ్ళజోడు సర్దుకున్నారు.

“ఏందమ్మా అన్యాయం?”

“మొన్న మీరే కదా టీచర్ బోర్డు మీద రాసినారు? బిగిన్, స్టార్ట్, కమెన్స్, అన్నిటికీ అర్థం ఒకటే అన్నారు. ఇప్పుడేమో తప్పంటుండారు!”

“అర్థం ఒకటేనమ్మా. వాడే చోటు వేరే. క్లాసు బిగిన్ అవుద్ది, సినిమా బిగిన్ అవుద్ది. ఆటో మాత్రం స్టార్టే అవుద్ది. బండికి బిగిన్ అనరు.”

“ఎందుకనరు?”

“అనరంతే. అంటే వినేవాళ్ళు నవ్వుతారు.”

“నవ్వితే నవ్వనీండి! అర్థమైంది కదా? అర్థమైతే మార్కు ఇయ్యాల!”

పక్కన కూర్చున్న షారన్ ఆమె చున్నీ పట్టుకుని లాగింది. “మొదలుపెట్టినావా మే? గమ్మున కూర్చో.”

ఆ మాటతో ఆయేషాకి ఇంకా తిక్క రేగింది. “మొదలుపెట్టినావా అంటావేంది? నేనేమన్నా ఊరికే సణుగుతుండానా? న్యాయం అడుగుతుండా!”

షారన్ తన పేపరు మడిచి పుస్తకంలో పెట్టుకుంది. ఆమెకేం, ఆ వాక్యం రైటే అయింది. ఆ ఒక్క మార్కుతో క్లాసులో ఫస్టు కూడా వచ్చింది. ప్రాణ స్నేహితురాలైతే మాత్రం, కడుపు మండకుండా ఉంటుందా?

ఇంతలో అన్నం గంట కొట్టారు.

బడిలో అన్నం వండేది రెబెక్కమ్మ. షారన్‌కి సొంత అవ్వ, మిగతా పిల్లలందరికీ కూడా అవ్వే. ఈ రోజే ఆమె ఆఖరి రోజు. రేపటి నుంచి వంటకి వేరే ఆమె వస్తుంది. సాయంత్రం బడిలో రెబెక్కమ్మకి సన్మానం. ఆ సభలో మైకు పట్టుకుని ఎవరు ఎప్పుడు మాట్లాడతారో చెప్పాల్సింది ఆయేషాయే. గొంతు పెద్దదని హెడ్‌మాస్టర్ చెంచురామయ్య గారు ఆమెనే ఎంచుకున్నారు.

కంచం పట్టుకుని వెళ్ళి ఆయేషా తన గోడంతా వెళ్ళబోసుకుంది. రెబెక్కమ్మ సాంబారు పోస్తూ ఊఁ కొట్టింది.

“నీ మార్కు సంగతి నాకు తెలవదు గానీ అమ్మణ్ణీ, సాయంత్రం నా సంగతి కాస్త చూడు. మైకులో మాట్లాడమంటుండారు సారు. గంటె పట్టుకున్న చెయ్యి ఇది, మైకు పట్టుకుంటే వణుకుద్ది. పిల్లకాయలకి నాలుగు మాటలు చెప్పాలని ఎన్ని రోజులుగానో అనుకుంటుండా. మధ్యలో ఏడుపొస్తే నవ్వుతారేమో అని భయం.”

“ఎవురు నవ్వుతారో నేనూ చూస్తా!” అంది ఆయేషా. “మైకు నా దగ్గరే కదా అవ్వా. నేనుండానులే.”

రెబెక్కమ్మ సంతోషంగా ఇంకో గుడ్డు ఆమె కంచంలో వేసింది.

సాయంత్రం పిల్లలందరూ ఆవరణలో బారులు తీరి కూర్చున్నారు. మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి వీస్తోంది. బల్ల మీద పరిచిన గుడ్డ ఒకటే ఎగురుతోంది. “రెబెక్కమ్మ గారు లేవగానే ఏమనాలో గుర్తుందా?” అని ఆనందకుమారి టీచర్ అడిగారు. “ఇప్పుడు రెబెక్కమ్మ గారు తమ ప్రసంగాన్ని ప్రారంభిస్తారు. అట్లా అనాలి.”

ఆయేషా తల ఊపింది గానీ, లోపల మాత్రం ఉడికిపోతూనే ఉంది. ప్రారంభిస్తారంట, ప్రారంభిస్తారు! మొదలుపెడతారు అంటే ఏం పోయింది? అర్థం ఒకటే కదా. ఎవరు ఇంటూ పెడతారో చూస్తాను!

ఇలా మూతి ముడుచుకుని కూర్చుందా, ఈలోపు హెడ్‌మాస్టరు గారు సైగ చేయడం, రెబెక్కమ్మ లేచి రెండో మైకు అందుకోవడం అయిపోయాయి. “నాయనలారా...” అంది. అంతే. కళ్ళు నిండిపోయాయి. కొంగుతో ముఖం ఒత్తుకుంది.

ఆయేషా ఉలిక్కిపడి చటుక్కున మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ఆవరణంతా దద్దరిల్లేలా అంది:

“రెబెక్కమ్మ గారు మొదలుపెట్టేసినారు!”

వెనక బారులోంచి ఒకడు కిసుక్కున నవ్వాడు. వాడి పక్కవాడు, “అవ్వ ఏడుపు మొదలుపెట్టేసిందిరో!” అని అరిచాడు. ఇక ఆవరణంతా నవ్వులే నవ్వులు.

రెబెక్కమ్మ ఆయేషా వైపు చూసింది. “నాకు మాట్లాడేది రాదులేండి సార్,” అని మైకు బల్ల మీద పెట్టేసి కూర్చుంది.

“గమ్మునుండండి!” ఆయేషా పిల్లల మీద విరుచుకుపడింది. “ఎందుకు నవ్వుతుండారు? నేను తప్పేమన్నాను?”

షారన్ దగ్గరికి వచ్చింది. “మా అవ్వని ఎగతాళి చేసినావు.”

“నేనా? మాట్లాడేది మొదలుపెట్టినారు అన్నాను మే! ప్రారంభించినారు అన్నా అదే కదా!”

“అట్లా వినపడలా.”

ఆయేషా ఆనందకుమారి టీచర్ వైపు తిరిగింది. “మీరు చెప్పండి టీచర్. రెండింటికీ అర్థం ఒకటా కాదా?”

“ఒకటే,” అన్నారు టీచర్. “ఆ రోజు అంతవరకే చెప్పి ఊరుకున్నాను. ఏ మాట ఎక్కడ వాడాలో కూడా చెప్పాల్సింది. అది నా పొరపాటే. సరే గానీ, ఇప్పుడు అందరూ నవ్వినారు కదా. నవ్వంది ఎవరో చూసినావా?”

ఆయేషా చూసింది. రెబెక్కమ్మ తల వంచుకుని కొంగు అంచుని చుడుతూ, విప్పుతూ కూర్చుని ఉంది.

పొద్దున షారన్ ‘మొదలుపెట్టినావా మే’ అన్నప్పుడు తనకి ఎంత పౌరుషం వచ్చింది! అది ఒక్క షారన్ అంటేనే. అవ్వని మైకులో, బడి మొత్తం వినేలా అన్నది తను. నవ్వరు, నేనుండానులే అని మాట ఇచ్చింది కూడా తనే. ఆయేషాకి ఏడుపొచ్చినంత పనయింది. అప్పటిదాకా ఊరందరి మీద ఉన్న కోపం ఇప్పుడు తన మీదే వచ్చింది.

హెడ్‌మాస్టరు గారు శాలువా చేతిలోకి తీసుకుని, “సరే, సన్మానం కానిద్దాం,” అంటున్నారు.

“ఆగండి సార్!” ఆయేషా పరుగెత్తుకెళ్ళి రెబెక్కమ్మ ముందు నిలబడింది. చేతిలో మైకు పక్కన పెట్టలేదు. అందరి ముందు అన్న మాట అందరికీ వినిపించేలాగే దిద్దుకోవాలనుకుంది.

“తప్పు నాది. అవ్వ గురించి అట్లా అనకూడదు. నేను అనుకున్నది ఒకటి, అన్నది ఒకటి. అవ్వా, తప్పయిపోయింది.” గొంతు సవరించుకుని మళ్ళీ అంది. “ఇప్పుడు రెబెక్కమ్మ గారు తమ ప్రసంగాన్ని ప్రారంభిస్తారు. అందరం విందాం.”

ఎవరూ నవ్వలేదు. చప్పట్లు ముందు షారన్ కొట్టింది, ఆ వెనకే అందరూ కొట్టారు.

రెబెక్కమ్మ మెల్లగా లేచి, బల్ల మీది మైకు మళ్ళీ అందుకుంది. ఆయేషాని కింది నుంచి పైదాకా చూసి, మైకులోనే అడిగింది:

“ఏం అమ్మణ్ణీ, ఇంక మొదలుపెట్టమంటావా?”

ఆవరణంతా ఘొల్లుమంది. ఈసారి అందరికంటే ముందు నవ్వింది రెబెక్కమ్మే.

“మొదలుపెట్టండవ్వా,” అంది ఆయేషా, కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె తిరిగి తన చోటికి వెళ్ళలేదు. రెబెక్కమ్మ చేతిలో మైకు వణుకుతుంటే, కింద తన చెయ్యి ఆనించి పట్టుకుని, ఆ నాలుగు మాటలూ అయిందాకా అక్కడే నిలబడింది.