డీజిల్‌కు మినహాయింపు రాదు

"మేడం, గీ డీజిల్ ఖర్చుకు టాక్సుల ఏమన్న తగ్గుతదా?"

వీరేందర్ మళ్లీ వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. శామీర్‌పేటలో ముసలివాళ్లకు ఉచితంగా ఫిజియోథెరపీ చేసే ట్రస్టు అది. శృతి అక్కడ లెక్కలు చూస్తుంది. అతను ఆదివారం ఆదివారం రావల్కోల్ ఊరి అవ్వలను తన వ్యానులో పైసా తీసుకోకుండా తెస్తాడు.

"ఎన్నిసార్లు చెప్పాలె? పైసలు విరాళమిస్తేనే 80జి కింద టాక్సు మినహాయింపు. బండి తిప్పినా, డీజిల్ పోసినా రాదు."

"మరి నా డ్రైవింగ్‌కు?"

"సేవకు అసలే రాదు."

"నవ్వుకుంట నడిపినా?"

శృతి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

తర్వాతి ఆదివారం జోరున వాన. అప్పుడే ఆడిటర్ చేత చీవాట్లు తిని ఉంది శృతి. వీరేందర్ తడిసి ముద్దయి వచ్చి, "టైర్లు అరుగుతున్నయ్ గద మేడం, వాటికి?" అన్నాడు.

"మినహాయింపు రాకుంటే బండి తియ్యరా? గంత లాభం సూసుకునేటోళ్లకు సేవ ఎందుకు?"

గదిలో అందరూ విన్నారు. అతని మొహం చిన్నబోయింది. వానలోకి వెళ్లిపోయాడు.

వ్యాను మాత్రం ఆగలేదు. అతని తమ్ముడు ధర్మేందర్ నడుపుకొచ్చేవాడు. అందులో వచ్చే బుచ్చవ్వ ఒకనాడు ఉండబట్టలేక అనేసింది.

"పిచ్చిదానా, వీరేందర్ కమాయికి టాక్సే పడది. నీతోని మాట కలపనీకె అడిగిండు."

ఆ రోజు నుంచి శృతి ఫోన్ తీసేది, అతని పేరు చూసేది. క్షమాపణ అడగడానికి బెట్టు అడ్డొచ్చేది. ఎప్పటికైనా తనే వస్తాడులే అనుకుంది.

ఏడాది తర్వాత వచ్చాడు. మేడ్చల్ కంపెనీలకు ఇప్పుడు అతని బస్సులు తిరుగుతున్నాయి. పక్కన కొత్త పసుపుతాడుతో ఒకమ్మాయి.

"మా భవాని. పెండ్లయిన ఖుషీల ట్రస్టుకు ఇద్దామని," అంటూ చెక్కు బల్ల మీద పెట్టాడు.

శృతి తల వంచుకుని రసీదు రాసింది. "దీనికైతే మినహాయింపు వస్తది," అంది.

"నిజంగనే పనికొస్తది మేడం. ఇప్పుడు టాక్స్ కడ్తున్న."

"ఇంకేమన్న అడిగేదుందా?" ఆశ చావక అడిగింది.

"ఏం లేదు మేడం. అప్పుడే అంత సమజైంది."

బయట మళ్లీ వాన. భవాని తడవకుండా గొడుగు పట్టి తీసుకెళ్లాడు. డీజిల్ సంగతి శృతిని మళ్లీ ఎవరూ అడగలేదు.