ఆ కేక్ కట్ చెయ్యొద్దు!

"ఆ ట్రే అక్కడే పెట్టండి. ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు!"

బేకరీ తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి మొదటి మాట అదే. మూసిన గొడుగులోంచి వాన నీళ్లు కారుతున్నాయి. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఐస్ డబ్బా. ముఖంలో నవ్వు మాత్రం లేదు.

ట్రే పట్టుకున్న అబ్బాయి కొయ్యబారిపోయాడు. అప్పుడే ఓవెన్‌లోంచి తీసిన బన్నులు పొగలు కక్కుతున్నాయి. చేతిలో గుడ్డ పలచన. వేళ్లు చుర్రుమంటున్నాయి.

"మేడం, కాలుతోంది" అన్నాడు ఏడుపు గొంతుతో.

"అయితే కింద పెట్టండి."

"మీరేగా ఏదీ ముట్టుకోవద్దన్నారు! బల్లని ముట్టుకోకుండా ఎలా పెట్టను?"

ఆ అమ్మాయి పెదవి చివర ఒక్క క్షణం కదిలింది. నవ్వొచ్చినట్టుంది, ఆఫీసర్ కదా, మింగేసింది. ట్రే బల్ల మీద దించుతూ, చేతులు కాలుతున్నా మనవాడికి అది కనబడనే కనబడింది. అక్కడే సగం పడిపోయాడు. మిగతా సగం ఎలా పడ్డాడో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఆమె హెల్త్ ఆఫీసులో అంటువ్యాధుల విభాగం ఆఫీసర్. అతను తాతల నాటి బేకరీలో మూడో తరం. ఓవెన్ దగ్గర నాన్న, కౌంటర్ దగ్గర అమ్మ, మధ్యలో పిండి, క్రీమ్, కేకులు అన్నీ ఇతనే.

"మొన్న స్కూల్లో ఆటల పోటీలకి క్రీమ్ బన్నులు పంపింది మీరేనా?" అంది ఆమె.

"మేమే మేడం! ఎలా ఉన్నాయట?" అన్నాడు ఆశగా.

"తిన్నవాళ్లలో చాలామంది వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. ఇద్దరు చిన్నపిల్లలకి సెలైన్ ఎక్కిస్తున్నారు."

అతని ముఖం పాలిపోయింది. మరుక్షణం పౌరుషం పొడుచుకొచ్చింది. "మా బన్నుల వల్లా? అసంభవం. మా షాపు అద్దంలా ఉంటుందండీ. చూడండి, అడుగడుక్కీ శానిటైజర్ పెట్టాను!"

నిజమే. కౌంటర్ మీద ఒకటి, పిండి బల్ల మీద ఒకటి, ఫ్రిజ్ పక్కన ఒకటి, గోడకి ఒకటి. అతను గర్వంగా ఒకటి నొక్కి చేతులకి పులుముకున్నాడు.

"మీకు శానిటైజర్ అంటే చాలా నమ్మకం అనుకుంటా."

"ప్రాణం మేడం."

"పాపం, మీ ప్రాణానికి ఈ సంగతి తెలీదు. ఇలా ఒకేసారి పదిమందికి వాంతులు పెట్టించే వైరస్ ఒకటుంది. నా అనుమానం దాని మీదే. అది శానిటైజర్‌ని పెద్దగా లెక్కచెయ్యదు. దాన్ని వదిలించాలంటే సబ్బు, ధారగా నీళ్లు, కాస్త ఓపిక కావాలి. బల్లలకీ నేలకీ బ్లీచింగ్ కావాలి." ఆమె ఓవెన్ వైపు తిరిగింది. "ఈ వారంలో ఇక్కడ ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

నాన్న ఓవెన్ వెనకనుంచి తల బయటపెట్టారు. "మా బేకరీలో ఒంట్లో బాగోకపోవడం అనేదే లేదమ్మా. మా నాన్న సెలవు పెట్టలేదు, నేను పెట్టలేదు. నూటమూడు జ్వరంతో కూడా పిండి పిసికిన చేతులివి!"

ఆ చేతుల్ని ఆఫీసర్ ఒకసారి చూసింది. మిగిలిన క్రీమ్, పాలు కొంచెం కొంచెం తీసి ఐస్ డబ్బాలో పెట్టుకుంది. తలుపుకి సీలు వెయ్యడానికి కాగితం బయటికి తీసింది.

"మేడం, మేడం! శనివారం రిసెప్షన్ కేక్ ఉంది. మూడంతస్తులు! పాపం ఎవరో పెళ్లివాళ్లు!"

"ఎవరైతే నాకేంటి?"

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. అవతల వాళ్లమ్మగారి గొంతు ఎంత పెద్దదంటే స్పీకర్ అక్కర్లేదు.

"ఏమే, ఆ బేకరీవాళ్లు ఫోన్ ఎత్తట్లేదు! మీ ఆఫీసు పక్కనేగా, వెళ్లి చెప్పు. చెల్లి కేక్ మీద గులాబీలు పింక్ వద్దు, తెల్లవి కావాలని!"

ఆఫీసర్ ముఖం కందిపోయింది.

"తెల్లవే పెడతానని చెప్పండి మేడం," అన్నాడు అతను ఎంతో వినయంగా, "సీలు తీశాక."

*

మర్నాడు పొద్దున్నే ఆమె వాళ్లింటికి వచ్చింది, మళ్లీ అదే ప్రశ్న అడగడానికి. ఎవరికీ ఏమీ లేదని నాన్న మళ్లీ మొదలుపెట్టారు. ఈలోగా బాత్రూం తలుపు తెరుచుకుని అమ్మ గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది.

"ఏమీ లేకపోవడమేంటి? రాత్రినుంచి నా పేగులు నోట్లోకొస్తున్నాయి! ఈయన దగ్గర్నుంచే అంటుకుంది. స్కూల్ ఆర్డర్ ముందురోజు వాంతులతో ఇల్లంతా ఏకం చేసి, తెల్లారగానే వద్దంటే వినకుండా వెళ్లి క్రీమ్ గిలక్కొట్టారు!"

నాన్న తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూశారు. కొడుక్కి ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. నిన్న ఎంత ఎగిరాడు!

ఆమె కేకలేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. కుర్చీ లాక్కుని నాన్న ఎదురుగా కూర్చుంది.

"బాబాయిగారూ, మీ ఓపికకి దండం పెట్టాలి. కానీ ఇది మీ ఒక్కరి ఒళ్లు కాదు కదా. వాంతులు తగ్గాక కూడా రెండు రోజులు తినే వస్తువు ముట్టుకోకూడదు. మనకి బాగైపోయిందనిపిస్తుంది, ఇంకా మన చేతుల మీదుగా అది పక్కవాళ్లకి పోతూనే ఉంటుంది."

"ఇద్దరు పిల్లలకి సెలైన్ అన్నావు..." అన్నారు నాన్న తలెత్తకుండానే.

"తేరుకున్నారు. ఇవాళ ఇంటికి పంపేస్తారు."

నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"ఏదైనా యాంటీబయాటిక్ వేసుకుంటే పోదా తల్లీ?" అంది అమ్మ నీరసంగా.

"ఇది వైరస్ అండీ, దాని మీద ఆ మాత్ర పనిచెయ్యదు. ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసుకుంటే చాలు." ఆమె సంచిలోంచి ఓఆర్ఎస్ పొట్లం తీసి అబ్బాయి చేతిలో పెట్టింది. "పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపండి. సగం సగం కలపకండి. గటగటా తాగించకండి, కొద్దికొద్దిగా. తాగిన నీళ్లు కడుపులో నిలవకపోయినా, మరీ మగతగా ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి. విన్నారా, శానిటైజర్ గారూ?"

పేరు పెట్టేసింది! అతనికి కోపం రావాలి. రాలేదు సరికదా, ఇంకోసారి పిలిస్తే బాగుండు అనిపించింది.

*

ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. ఆమె అనుమానించిన వైరస్సే. ఇక బేకరీ కడగాలి. కడిగేది అతను, కడిగించేది ఆమె. బయట వాన కుండపోతగా కురుస్తోంది. లోపల కిటికీలన్నీ బార్లా తెరిచి, గ్లవుజులు తొడుక్కుని, బ్లీచింగ్ నీళ్లతో తలుపు పిడి దగ్గర్నుంచి ఫ్రిజ్ హ్యాండిల్ దాకా తుడుస్తున్నాడు.

"కుళాయి పిడి తుడవడం మర్చిపోయారు."

"మేడం, మీరు పెళ్లి చేసుకుంటే ఆ ఇల్లు ఆస్పత్రి అయిపోతుంది."

"అందుకే ఎవరూ చేసుకోవట్లేదు. చెల్లికి ముందు చేసేస్తున్నారు. సబ్బు తీసుకోండి, చేతులు కడిగి చూపించండి."

అతను రెండు తిప్పులు తిప్పి చేతులు దులిపాడు.

"అయిపోయిందా? బొటనవేలు మీది కాదా? గోళ్లు పక్కింటివాళ్లవా?" ఆమె అతని మణికట్టు పట్టుకుని మళ్లీ కుళాయి కిందికి లాగింది. "వేళ్ల మధ్య. ఇదిగో, ఇలా. ఇరవై సెకన్లు."

ఇరవై సెకన్లు! జీవితంలో ఇంత తొందరగా అయిపోయిన ఇరవై సెకన్లు అతనికి తెలియవు.

"మేడం, బొటనవేలు సరిగ్గా శుభ్రం కాలేదేమో," అన్నాడు.

ఆమె చెయ్యి టక్కున వదిలేసింది. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. కాసేపు కిటికీలోంచి వానను చాలా శ్రద్ధగా పరిశీలించింది.

"రేపు సీలు తీస్తున్నా. కేక్ మీరొక్కరే చెయ్యాలి. అమ్మగారూ నాన్నగారూ ఇటు రాకూడదు. మీ కడుపులో కొంచెం గడబిడగా ఉన్నా నాకు ఫోన్ చెయ్యాలి."

"మీరు చూసినప్పుడల్లా గడబిడగానే ఉంటోంది. అది కూడా చెప్పాలా?"

"దానికి మా ఆఫీసులో మందు లేదు," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. గొడుగు తెరవడం మాత్రం వీధి మలుపు తిరిగేదాకా గుర్తు రాలేదు.

ఆ ఉత్సాహంలో ఎలాంటి కేక్ చేశాడనుకున్నారు! మూడంతస్తులు, మంచులా తెల్లటి క్రీమ్, ఒక్కో రేకూ విడివిడిగా చుట్టిన గులాబీలు. ఈ కేక్ నిలబడితే బేకరీ పరువు నిలబడుతుంది. మేడం వాళ్లమ్మగారి ముందు తనూ నిలబడొచ్చు. శనివారం పొద్దున్న హాలుకి పంపించి, ఇస్త్రీ చొక్కా మంచం మీద పరుచుకుని, సాయంత్రం కోసం ఎదురుచూశాడు.

చొక్కా వేసుకుంటుంటే కడుపులో తిప్పింది.

కంగారేమో అనుకున్నాడు. ఆకలేమో అనుకున్నాడు. ఆ తర్వాత బాత్రూంలోకి పరిగెత్తాడు, ఇక అనుకోవడానికేమీ మిగల్లేదు. ఇంట్లో అమ్మకి సేవ చేసింది తనే కదా.

మంచం అంచున కూర్చున్నాడు. నిన్నంతా ఆ కేక్ మీద ఉన్నవి ఈ చేతులే. చెప్పకపోతే ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. చెబితే హాలు నిండా జనం ముందు ఆమె చెల్లెలి వేడుక పాడవుతుంది, వాళ్లమ్మగారు జన్మలో గుమ్మం తొక్కనివ్వరు, బేకరీ పేరు మళ్లీ ఊరంతా మోగిపోతుంది.

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నారు. కొడుకు ముఖం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. మంచం మీద ఉన్న ఫోన్ తీసి అతని చేతికిచ్చారు. "చెయ్యరా. నాలా చెయ్యకు," అన్నారు.

మేడంకి చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. తను వెళ్లడానికి లేదు, వెళ్తే జబ్బునీ వెంట తీసుకెళ్లినట్టే. టైం చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. కేక్ ఆర్డర్ ఇచ్చిన వాళ్లమ్మగారి నంబరు గుర్తొచ్చింది.

"అమ్మగారూ, నేను బేకరీ అబ్బాయిని! ఆ కేక్ కట్ చెయ్యొద్దు!"

"ఏంటి బాబూ, వినబడట్లేదు! పాటలు! కత్తి ఇప్పుడే చేతికిచ్చారు..."

"కత్తి లాక్కోండి! నాకు వాంతులు మొదలయ్యాయి! మేడంకి చెప్పండి!"

గలాటా, ఎవరో ఫోన్ లాక్కున్న చప్పుడు, ఆ వెంటనే తెలిసిన గొంతు. "ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే. క్షమించండి మేడం, నేను..."

"నువ్వు పడుకో. నీళ్లు తాగుతూ ఉండు." ఫోన్ పెట్టకుండానే ఆమె అరిచిన అరుపు ఇక్కడికి వినబడింది. "ఆ కేక్ కట్ చెయ్యొద్దు!"

తర్వాత జరిగింది అక్కడున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన ఆఫీసర్ స్టేజీ మీదికి ఒక్క గెంతు గెంతి చక్రాల బల్లని కేక్‌తో సహా తోసుకుపోయిందట. వాళ్లమ్మ ఒంటికాలి మీద లేచిందట. పెళ్లికూతురు మాత్రం కత్తి పట్టుకుని, "ఏదో ఒకటి తెండి, నాకు కోయాలని ఉంది!" అందట. వంటగదిలోంచి కడిగిన పుచ్చకాయ ఒకటి తెచ్చి పెట్టారట. పెళ్లికొడుకు నోటికి ఎర్రటి ముక్క అందిస్తుంటే చప్పట్లతో హాలు దద్దరిల్లిందట.

*

వేడుక అయ్యాక కిటికీ మీద టకటకా చప్పుడైంది. అతను దుప్పటి కప్పుకుని లేచి చూశాడు. బయట వాన. గొడుగు కింద జరీ అంచు చీరలో ఆమె.

"దగ్గరికి రాకండి!" అన్నాడు అద్దం వెనకనుంచి.

"రూలు నాకే చెప్తున్నావా?" ఆమె ఓఆర్ఎస్ పొట్లాలు కిటికీ గట్టు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసింది.

"మీ అమ్మగారు నన్ను చంపేస్తారా?"

"ఇంకా ఆలోచిస్తోంది."

"చెల్లెలిగారి వేడుక పాడు చేశాను."

"ఊరుకో. పుచ్చకాయ ఫోటోలు చూసి అది పడీ పడీ నవ్వుతోంది." ఆమె గొంతు ఉన్నట్టుండి మారింది. "నా ఉద్యోగమే ఒంట్లో బాగోలేదా అని అడగడం. ఎన్ని షాపుల్లో అడిగానో! అందరూ బాగానే ఉందంటారు. నిజం నేనే తవ్వుకోవాలి. అడక్కుండా చెప్పింది నువ్వొక్కడివే. అదీ ఇవాళ, ఇంత నష్టం పెట్టుకుని."

"చెప్పకుండా ఉండలేకపోయాను. మిమ్మల్ని ఇంకెప్పుడూ సూటిగా చూడలేను కదా. అది నావల్ల కాదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

వాన చప్పుడు సగం మింగేసినా, అసలు మాట ఆమెకి అందింది. నవ్వేసింది. ఈసారి ఏమీ మింగలేదు.

"నాక్కూడా. ముందు తగ్గించుకో. తగ్గాక ఇంకో రెండు రోజులు. ఆ తర్వాతే ఏదైనా."

"ఏదైనా అంటే?"

"చేతులు కడుక్కుని రా, చెప్తా!"

*

బేకరీ మళ్లీ తెరిచారు. పేరు పోతుందనుకున్నారు కానీ, ఒంట్లో బాగోకపోతే కేక్ ఆపేసిన బేకరీ ఇదేనా అంటూ జనం వెతుక్కుంటూ వస్తున్నారు. ఒక పొద్దున్న తలుపు తోసుకుని ఆ పెద్ద గొంతు లోపలికి వచ్చింది. వెనకాలే, గోడమీది ధరల పట్టీని తెగ చదివేస్తూ ఆఫీసర్.

"కేక్ కావాలి," అన్నారు వాళ్లమ్మగారు. "మూడంతస్తులు. మా పెద్దదానికి."

"పుట్టినరోజాండీ?"

"పెళ్లి."

అతని చేతిలో గరిట కిందపడింది. "ఎ... ఎవరితోనండీ?"

ఆవిడ అతన్ని నెత్తినుంచి కాళ్లదాకా ఒకసారి చూసి, ఓవెన్ వైపు తిరిగారు. "అన్నయ్యగారూ! ఈ కేక్ మీరే చెయ్యాలి. పెళ్లికొడుకుని పిండి పిసకనివ్వకండి. ఈసారైనా నా కూతురు కేక్ కట్ చెయ్యడం నేను కళ్లారా చూడాలి!"