గాజు గదిలో ఆస్తికురాలు

“ఇంత గొణిగితే, దేవుడున్నా వినిపించుకోలేడు మావయ్యా!”

హెడ్‌ఫోన్‌లో ఆ మాట వినగానే కుర్ర లెక్చరర్ చెవులు వేడెక్కాయి. మైక్ ఆగలేదని తెలియక ఆమె అన్నమాట అది. అన్నది ఇతని గొణుగుడు గురించే.

దూరవిద్య విద్యార్థుల కోసం స్టూడియోలో ‘దేవుడున్నాడా?’ అని పాఠాలు రికార్డు చేస్తున్నారు. ఉన్నాడనే గొంతు ఆమెది, లేడనే గొంతు ఇతనిది. పొద్దున ఇతనికి కాలేజీ, మధ్యాహ్నం ఆమెకు బడిలో టీచరు ఉద్యోగం. ఆమె పొద్దున వాదించి వెళ్తే, సాయంత్రం ఇతను విని జవాబు చెప్పేవాడు. మర్నాడు అది విని ఆమె మళ్లీ అందుకునేది. ఎదురెదురుగా పోట్లాడుకున్నట్టు అతికించేది సౌండ్ ఇంజనీర్. ఆయన ఆమెకు సొంత మేనమామ. అందుకే ఆమె గురించి అడగడానికి ఇతనికి నోరు పెగిలేది కాదు.

ఇతనింట్లో డిగ్రీ చదివినవాడు ఇతనొక్కడే. అప్పజెప్పిన పని చెడితే తట్టుకోలేడు. ఇంట్లో గొంతెత్తి సాధన మొదలుపెట్టాడు.

“పొద్దున్నే దేవుడు లేడని ఆ అరుపులేంట్రా?” అంది వాళ్లమ్మ. “ఉంటే నిద్ర లేచేస్తాడు!”

మర్నాటి నుంచి వాదన వేడెక్కింది.

“కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టేగా? ఇంత లోకం ఉందే, చేసినవాడు లేడా?” అనేది ఆమె.

“కుమ్మరి కుండ చేస్తుంటే చూశాం. లోకాన్ని చేస్తుంటే ఎవరు చూశారు?” అనేవాడితను. “సరే, చేశాడే అనుకుందాం. పసిపిల్లల ఏడుపు ఆయనకి వినబడదా?”

ఒకరోజు ఆమె మాటల వెనక వాన వినిపించింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు ఎండిపోయి ఉంది. పొద్దున తను కాలేజీలో ఉండగా ఇక్కడ కురిసి వెలిసిన, తనకి దక్కని వాన అది. హెడ్‌ఫోన్ పట్టీ ఆమె తలకు సరిపడా బిగించి ఉండేది. వదులు చేయడానికి చెయ్యాడేది కాదు.

ఆఖరి పాఠం వచ్చింది. రేపటి నుంచి ఆ గొంతు ఉండదు. కాగితంలో ఉన్నది చదివాడు.

“నిజంగా ఉంటే, ఇంతగా వెతికేవాడికి ఒక్కసారైనా కనిపించడా?”

అక్కడితో ఆగాలి. ఆగలేకపోయాడు.

“మీరున్నారని నాకు తెలుసు. ఒక్కసారి కనిపించండి.”

గాజు గోడ అవతల ఇంజనీర్ కళ్లజోడు తీశాడు.

“అది... తీసేయండి సార్,” అన్నాడితను కంగారుగా.

“చూద్దాంలే,” అన్నాడాయన.

మర్నాడు సాయంత్రం రిటేక్ అని కబురొచ్చింది. వెళ్లేసరికి మైక్ ముందు ఒకమ్మాయి చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

“నాస్తికుడు మీరేనా?”

ఆ గొంతే.

“పాఠమంతా పాడుచేశారు. నాస్తికుడే అలా బతిమాలితే నేనింకెవరితో వాదించను?”

“తీసేయమన్నానండీ...”

“మావయ్య నాకు వినిపించి, తీసేస్తానన్నాడు. నేనే వద్దన్నాను.”

ఇంజనీర్ లేచి మైకులన్నీ కట్టేశాడు. “మా అక్కతో నేను మాట్లాడతాను. ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి. ఈ ఒక్కటీ నేను రికార్డు చేయనులే,” అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఆమే మొదలుపెట్టింది.

“బడి నుంచి వెళ్లే బస్సు ఈ వీధినే పోతుంది. రికార్డింగ్ జరుగుతోందని తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతుండేది. లోపల మీరున్నారని తెలుసు. రోజూ దిగుదామనుకునేదాన్ని. ధైర్యం చాలేది కాదు.”

“మరి ఇవాళ ఎలా దిగారు?”

ఆమె తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

“పిలిచారుగా.”